చంటిపిల్లలున్న ఇంట్లో చిట్కా వైద్యం, కెమికల్స్: మా ఇంట్లో ఏది ఉంచాం, ఏది తీసేశాం

మీకు ఎనిమిది నెలల బాబు, నాలుగేళ్ళ పాప ఉన్నారన్నారు. ఇంట్లో ఏది ముట్టుకున్నా కెమికలే అనిపించి భయమేస్తోందని, అన్నీ నేచురల్‌కి మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని, దగ్గు జలుబులకు పెద్దవాళ్ళు చెప్పే చిట్కాల్లో ఏవి వాడొచ్చని అడిగారు. ఆన్‌లైన్‌లో ఆరు వేల రూపాయల 'టాక్సిన్ ఫ్రీ హోమ్' కిట్ ఒకటి చూశామని కూడా రాశారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

మాది తెనాలి. నేను డాక్టర్ని కాను. మా పెద్దవాడికి చంటితనంలో పిల్లికూతలు ఉండేవి. అందుకని మా ఇంట్లో ఉన్న ప్రతి అలవాటునీ పిల్లల డాక్టరు గారి ముందు పెట్టి 'ఇది చెయ్యొచ్చా, ఇది చెయ్యొచ్చా' అని అడగాల్సి వచ్చింది. ఆయన కొట్టిపారేసిన వాటిలో సూపర్ మార్కెట్ సరుకు కంటే పూజ గదిలోవి, ట్రంకు పెట్టెలోవే ఎక్కువ. అందుకే నా లెక్కలో కొత్తవి కొనడం తర్వాత, ఉన్నవి తీసేయడం ముందు.

కొబ్బరి నూనెలో కర్పూరం వేసి కాచి బాబు గుండెలకు రాస్తానని మీ అత్తగారు అంటున్నారన్నారు కదా, అది మాత్రం ఒప్పుకోకండి. కర్పూరం పిల్లల చర్మం నుంచి కూడా ఒంట్లోకి వెళుతుంది, మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి. రెండేళ్ళ లోపు పిల్లలకు అస్సలు వాడకూడదు. నాలుగేళ్ళ పాప ఉంది కాబట్టి ఇంకో సంగతి కూడా. పూజ గదిలో పటికబెల్లం గిన్నె, కర్పూరం డబ్బా పక్కపక్కనే ఉంటాయా? రెండూ తెల్లగానే ఉంటాయి. ప్రసాదం తిని రుచి మరిగిన పిల్ల తేడా ఏం చూస్తుంది? చిన్న బిళ్ళ మింగినా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. మా ఇంట్లో కర్పూరం ఇప్పుడు అటక మీద, మూత బిగించిన సీసాలో ఉంటుంది. నీలగిరి తైలం కూడా అక్కడే.

కలరా ఉండలు రెండోది. బిడ్డ పుట్టగానే మెత్తగా ఉంటాయని ట్రంకు పెట్టెలోంచి పాత నూలు చీరలు, పెద్ద పిల్లల చొక్కాలు తీస్తాం. ఏళ్ళ తరబడి ఉండల వాసన పట్టి ఉంటాయి అవి. కొంతమంది పిల్లల్లో పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. అలాంటి బిడ్డకు ఆ బట్టలు చుడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి. మీ బాబుకి ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు, అందుకని ఉండలే తీసేయడం సులువు. మేం ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి బీరువాలో పెడతాం. మూట గట్టిగా కట్టండి, లేకపోతే ఆకు పొడైపోయి పట్టుచీర మడతల్లోకి దిగుతుంది. ఎండాకాలంలో ఒకసారి అన్నీ డాబా మీద ఆరేస్తే సగం పురుగు అక్కడే పోతుంది.

సాంబ్రాణి మానడానికి మా ఇంట్లో చాలా రోజులు పట్టింది. తలంటి పోశాక నిప్పుల మీద బుట్ట బోర్లించి, దాని మీద బిడ్డ తల ఆరబెడుతూ పొగ వేయడం మా అత్తయ్యకు ప్రాణం. పొగ దేవుడిదైనా దోమల చక్రానిదైనా ఊపిరితిత్తులకు ఒకటే. ఒక్క దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. తలుపులేసిన గదిలో రాత్రంతా దాన్ని పీల్చేది పిల్లలే. 'సాంబ్రాణి సాయంత్రం పూట వాకిట్లో వేసుకుందాం అత్తయ్యా, బిడ్డ దగ్గర వద్దు' అన్న మాట దగ్గర మా ఇద్దరికీ రాజీ కుదిరింది.

మాటలు త్వరగా వస్తాయని వస కొమ్ము అరగదీసి నాకించడం కూడా వద్దు. ఆ కొమ్ములో ఉండే పదార్థాల గురించి భయపడే అమెరికాలో 1968లోనే దాన్ని తినే వస్తువుల్లో నిషేధించారు. కడుపు శుభ్రమవుతుందని పోసే ఆముదం, ముక్కులో చెవుల్లో వేసే నూనె చుక్కలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. పొరబోయి నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చే నిమోనియా ఒక పట్టాన తగ్గదు. ఏడాది నిండే వరకు తేనె చుక్క కూడా నాలుక మీద వేయకండి. తేనెలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు మన పొట్టలో ఏం చేయలేవు కానీ, పసివాళ్ళ పేగుల్లో మొలకెత్తి విషం తయారు చేస్తాయి. దాన్ని బొటులిజం అంటారు, బిడ్డ మెడ నిలబెట్టలేనంతగా నీరసించిపోతాడు.

ఇంత చదివాక చిట్కాలన్నీ దండగ అనుకోకండి. ఏడాది దాటిన పిల్లల దగ్గుకి తేనె నిజంగా పనిచేస్తుంది, డాక్టర్లూ ఒప్పుకుంటారు. పడుకునే ముందు మీ పాపకు అర చెంచా నుంచి చెంచా వరకు ఇవ్వండి. ఇష్టపడితే చిటికెడు మిరియాల పొడి కలపండి. మిరియాల పాలు, పల్చటి చారు, వేడి గంజి, ఇవన్నీ గొంతుకి హాయినిచ్చేవే. ఆవిరి పట్టడం మాత్రం చిన్నపిల్లలకు వద్దు. మరుగుతున్న గిన్నె ఒళ్ళో ఒలికితే జలుబు సంగతి దేవుడెరుగు, కాలిన గాయాలతో తేలతాం. బాబుకి ముక్కు మూసుకుపోతే మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు, తరచుగా తల్లిపాలు, అంతే.

దగ్గు సిరప్‌ల విషయంలో మాత్రం మీ భయం సరైనదే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పసిపిల్లలు చనిపోయారు. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం తేలింది. ఆ అక్టోబరులోనే రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకు మామూలుగా అవసరం ఉండదని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. షాపు అతను ఇచ్చాడని తెచ్చుకోకండి.

చిట్కాలు ఎక్కడ ఆపాలో కూడా తెలిసుండాలి. బిడ్డ పడుకున్నప్పుడు చొక్కా ఎత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. మీ బాబు వయసులో నిమిషానికి 50, మీ పాప వయసులో 40 దాటితే అది ఉత్త జలుబు కాదు. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకపోయినా అర్ధరాత్రైనా సరే, కషాయాలు పక్కన పెట్టి బయల్దేరండి.

విరేచనాలకు మనవాళ్ళ మజ్జిగ, ఉప్పేసిన గంజి, సగ్గుబియ్యం జావ మంచివే, కానీ వాటితో పాటు ఓఆర్‌ఎస్ ఉండాలి. పొట్లం దొరకని రాత్రి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కాబట్టి చేత్తో అంచనా వేయొద్దు. షాపుల్లో ఓఆర్‌ఎస్ పేరుతో రంగురంగుల డబ్బాల్లో అమ్మింది చాలావరకు పంచదార నీళ్ళు. ఆ పేరు పెట్టకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి ఒంటరిగా కొట్లాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఆవిడకి మనలాంటి తల్లులందరం రుణపడి ఉన్నాం. పొట్లం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

ఇక శుభ్రం చేసే సరుకు. గచ్చు తుడవడానికి రోజూ ఫినాయిల్ అక్కర్లేదు, పాకే బిడ్డ అరచేతులు ఆ గచ్చు మీదే పెట్టి నోట్లో పెట్టుకుంటాడు. మామూలు రోజుల్లో ఉత్త నీళ్ళు, జిడ్డుంటే కాస్త సబ్బు చాలు. నాకు ఎక్కువ ఉపయోగపడేది కుంకుడుకాయ. గింజలు కొట్టి తీసేసి, పెచ్చులు రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో నానేసి, పొద్దున్నే గట్టిగా పిసికి పల్చటి గుడ్డలో వడగడతాను. ఆ నురగతో తలంట్లు, పట్టుబట్టలు, బంగారు గొలుసులు అన్నీ అవుతాయి. గుడ్డలో వడగట్టకపోతే పిప్పి జుట్టులో చిక్కుకుని సాయంత్రం దాకా రాలుతూనే ఉంటుంది. ఆ రసం మర్నాటికి పులిసిపోతుంది, కాబట్టి సీసాల్లో నిల్వ పెట్టుకుందామనుకోకండి. కంట్లో పడితే ఎంత మండుతుందో మనకు తెలుసు, అందుకే బాబుకి ఇప్పుడే వద్దు. ఒంటికి మెత్తటి సున్నిపిండి చాలు.

యూట్యూబ్‌లో నిమ్మరసం, వంటసోడా కలిపి బుసబుస పొంగించి చూపిస్తారే, అది తమాషాకే పనికొస్తుంది. పులుపు, సోడా కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పు నీళ్ళే. సోడా విడిగా జిడ్డుకి, నిమ్మకాయో చింతపండో విడిగా ఇత్తడికి, కుళాయి మీద ఉప్పు మరకలకు వాడండి. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడరు మాత్రం ఒకే రోజు ఒకే చోట వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపేసిన బాత్రూంలో ఊపిరాడదు. పనమ్మాయికి కూడా ఈ సంగతి విడమర్చి చెప్పండి, పాపం ఆ పొగ పీల్చేది ఆమే. ఫినాయిల్, కిరసనాయిలు, యాసిడ్ లాంటివి కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచితే ఇవాళే పారేయండి. పిల్లలు పొరపాటున తాగితే వేలు పెట్టి కక్కించకూడదు, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

వంటింట్లో నేను పట్టుబట్టేది పసుపు ఒక్కటే. దుగ్గిరాల మార్కెట్ మాకు పక్కనే ఉంది కాబట్టి కొమ్ములు తెచ్చి మర పట్టిస్తాం. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపే అలవాటు మన దేశంలోనూ ఉంది, బంగ్లాదేశ్‌లోనూ ఉండేది. 2019లో బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడిదా అని వెతికితే పసుపు దగ్గర తేలింది. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. కొమ్ములైనా నిగనిగలాడుతూ మరీ పచ్చగా ఉన్నవి వద్దు, మట్టి రంగు తేలుతూ డల్‌గా ఉన్నవి ఏరుకోండి. విరిచి చూస్తే లోపల నారింజ రంగు కనబడాలి. మరకి వెళ్ళినప్పుడు మీ ముందు కారం పట్టారేమో అడగండి, లేకపోతే మంట పుట్టే పసుపు ఇంటికొస్తుంది. కొన్న కాటుక, సింధూరాల్లో కూడా సీసం బయటపడిన సందర్భాలున్నాయి, పాకే బిడ్డకు దిష్టిచుక్క పెట్టాలంటే అరికాల్లో పెట్టకండి, కాలు నోట్లోకే వెళుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వేడి సాంబారు, టీ ప్లాస్టిక్ కవర్లలో తెచ్చుకోవద్దు, స్టీలు క్యారియర్ పట్టుకెళ్ళండి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద వదలకండి. కూరగాయలకు స్పెషల్ వాష్ అక్కర్లేదు, కుళాయి ధార కింద రుద్ది కడిగితే చాలు. మామిడికాయలు దొరికితే పచ్చివి తెచ్చి వరిగడ్డిలో మాగేయండి, కార్బైడ్ టెన్షన్ ఉండదు. మీ ఊరు నల్గొండ వైపో, ప్రకాశం వైపో అయితే బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు.

పసరు మందు గురించి కూడా అడిగారు. కామెర్లకు పసరు తాగితే తగ్గిందని అందరూ అంటారు. నీళ్ళ ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ అయితే చాలామందిలో మందు లేకపోయినా తగ్గుతుంది, పేరు పసరుకి వస్తుంది. తగ్గని కామెర్లలో పోయిన రోజులు మళ్ళీ రావు. కుక్క కరిస్తే ఆకు పసరు, కారం, పసుపు ఏవీ పెట్టకుండా పావుగంట సేపు సబ్బుతో, ధారగా నీళ్ళతో కడిగి అదే రోజు వ్యాక్సిన్ వేయించండి. ఇందులో పెద్దవాళ్ళ మాట వినాల్సిన అవసరం లేదు, ఎంత గౌరవం ఉన్నా సరే.

అత్తగారితో గొడవ లేకుండా ఎలా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈసారి టీకాకి వెళ్ళేటప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్ళండి. కర్పూరం, వస మాట డాక్టరు నోటి వెంటే రానివ్వండి, మీరు పక్కన కూర్చోండి చాలు. కొబ్బరి నూనెతో ఒళ్ళు రుద్దడం, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయడం, ఉగ్గు కాచడం ఆవిడకే వదిలేయండి. వాటిలో ఆవిడ చెయ్యి మన చెయ్యి కంటే మేలు.

ఇక మీ కిట్. మీరు పంపిన ఫొటోలో ఉన్నవి ఫ్లోర్ క్లీనర్, వెజిటబుల్ వాష్, నీలగిరి తైలం డిఫ్యూజర్, దోమల స్ప్రే. మొదటి రెండూ అవసరం లేదని చెప్పాను, మూడోది పాప చేతికందితే ప్రమాదం. నాలుగోదాని బదులు ఆ ఆరు వేలు పెట్టి పడగ్గది కిటికీలకు మెష్, బాబు మంచానికి దోమతెర కొనండి. ఆరోగ్య శాఖ వాళ్ళు శుక్రవారం డ్రై డే అంటారే, దాన్ని సీరియస్‌గా తీసుకుని వారానికోసారి తొట్టెలు, పూలకుండీల కింద పళ్ళేలు, కూలర్ ఒంపేసి తోమండి. ఫ్రిజ్ వెనకాల నీళ్ళు చేరే ట్రే ఒకటుంటుంది, దాన్ని కూడా.