స్తూపమా, స్థూపమా?

సందేహం: మాది గిద్దలూరు దగ్గర పల్లె. ఆర్మీలో చేసి రిటైరైన వాళ్ళం కలిసి, సరిహద్దులో ప్రాణాలొదిలిన మా తోటి జవాన్ల పేర్లతో ఊళ్ళో ఒక రాతి స్తంభం నిలబెడుతున్నాం. చీమకుర్తి నల్లరాయి వచ్చేసింది. పైన ‘అమరవీరుల స్థూపం’ అని కొందరు, ‘స్తూపం’ అని కొందరు అంటున్నారు. కింద ‘మరణించిన అమరవీరులకు నివాళి’ అని రాద్దామనుకున్నాం. ‘నివాళి’ సరైన మాటేనా, ‘శ్రద్ధాంజలి’ అనాలా?

సమాధానం: ‘స్తూపం’ అనే చెక్కించండి. స్థలం, స్థానం, స్థాపన అని రోజూ రాసే చెయ్యి, నిలబెట్టే ప్రతిదానికీ ‘థ’ పెట్టేస్తుంది. స్తంభం ‘స్థంభం’ అయిందీ అలాగే. సంస్కృతంలో రెండింటికీ ఉన్నది ‘త’. పలికేటప్పుడు ఈ తేడా మనకు వినపడదు. కాగితం మీదైతే దిద్దుకోవచ్చు, రాతి మీద కుదరదు. అందుకే చెక్కకముందు అడిగినందుకు సంతోషం.

స్తూపమంటే మొదట బౌద్ధుల గుండ్రటి కట్టడం. దొనకొండ దగ్గర చందవరంలో ఉన్నది అదే. మీరు నిలబెడుతున్నది స్తంభం. అయినా తప్పు పట్టను. పోయినవారి గుర్తుగా కట్టినదాన్ని స్తూపమనడం తెలుగులో ఎప్పుడో స్థిరపడింది. హైదరాబాదు గన్‌పార్కులో ఉన్నదాన్నీ అమరవీరుల స్తూపమనే అంటున్నాం.

దీనికి మనకున్న పాత మాట వీరగల్లు. కల్లంటే రాయి; కల్లుప్పులో ఉన్నది ఆ కల్లే. పోరులో పోయిన మనిషి బొమ్మను, చేతిలో కత్తో ఈటో ఉన్నట్టు చెక్కి ఊరి పొలిమేరలో నిలిపేవారు. పసులమందల కోసం పోరాడి పోయినవారికీ ఇలాంటి రాళ్ళున్నాయి. పాత శాసనాల్లో ‘పొడిచి పడియె’ అని కనిపిస్తుంది, అంటే పోరాడి పడిపోయాడని. ఇప్పుడు ‘నేలకొరిగాడు’ అంటున్నామే, ఆ భావమే. స్తూపం కింద చిన్న అక్షరాల్లో ‘వీరగల్లు’ అని కూడా చెక్కిస్తే నాకు చాలా ఇష్టం.

‘మరణించిన’ అన్న మాట మాత్రం తీసేయండి. అమరుడంటేనే చావు లేనివాడు. ‘అమరవీరులకు’ చాలు.

శ్రద్ధాంజలి తప్పేమీ కాదు. కానీ మీ రాయికి నివాళే తగిన మాట. నివాళి అంటే హారతి, నీరాజనం. పెళ్ళికొడుక్కి, దేవుడికి ఎత్తేది. చనిపోయినవారికే అన్న అర్థం ఈ కాలపు వాడుకలో బలపడింది. పూర్వం రాజులు ఆశ్వయుజంలో గుర్రాలకు, ఏనుగులకు, ఆయుధాలకు నీరాజనం చేయించేవారు. వరాహమిహిరుడు రాసిన బృహత్సంహిత అనే పాత సంస్కృత గ్రంథంలో దీనికొక అధ్యాయమే ఉంది. సైన్యం కదిలే ముందు చేసిన మర్యాద అది. తిరిగిరాని జవానుకు దాన్నే మళ్ళీ ఎత్తుతున్నామన్నమాట. ‘నివాళులు’ అని బహువచనమూ వాడొచ్చు.

మీరు అడగని సంగతి ఒకటి. 2019లో ఢిల్లీలో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగచక్ర అనే వలయంలోని గోడల మీద 25 వేలకు పైగా పేర్లున్నాయి. అక్కడ సైన్యం రికార్డుల పద్ధతి సరిపోతుంది. మీ ఊళ్ళో మాత్రం ఇంటిపేర్లు పొడి అక్షరాల్లో పెట్టకండి. ఇంటిపేరు పూర్తిగా, మనిషి పేరుకు ముందు, ఆ ఇంట్లోవాళ్ళు రాసుకునే తీరులోనే ఉండాలి. చెక్కించే ముందు ఆ కాగితం తీసుకెళ్ళి వాళ్ళమ్మకో, భార్యకో చదివి వినిపించండి.