టార్పెడోలు తగ్గించు బాబూ

బాబూ,

నీ కథ రెండుసార్లు చదివాను. 1940 నాటి ఇటాలియన్ సబ్‌మెరైన్ మీద తెలుగులో రాయాలన్న ఆలోచనే నాకు ముచ్చటేసింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను. పన్నెండు పేజీల్లో నాలుగు టార్పెడోలు పేల్చావు, ఒక్కడికీ చెమట పట్టించలేదు.

ఎర్ర సముద్రంలో జూన్ నెల అది. "అప్పటికే అందులో ఏసీ ఉందండీ, అందుకే ఉక్కపోత రాయలేదు" అని అడుగున చిన్న అక్షరాల్లో రాశావు. నాయనా, నీ కథ ఉన్నదే ఆ ఏసీలో! ఆ ఏసీల గొట్టాల్లో తిరిగింది మిథైల్ క్లోరైడ్ అనే విషవాయువు. గొట్టంలోంచి కారినా వాసన పట్టడం కష్టం. తల తిరుగుతుంది, మాట తడబడుతుంది, తాగినవాడిలా మతి తప్పుతుంది. నీళ్ళ కింద ఉన్నవాళ్ళు తలుపు తీసి గాలి పీల్చుకోలేరు కదా. ఆర్కిమెదె అనే సబ్‌మెరైన్ ఈ గాలికి మనుషుల్ని పోగొట్టుకుని వెనక్కి వచ్చింది. పెర్లా అనే ఇంకో సబ్‌మెరైన్‌లోనూ ఇదే గోల. నువ్వు ఎంచుకున్న మకల్లేలో సిబ్బంది ఈ విషం పీల్చి జబ్బుపడ్డారు, దారి లెక్క తప్పింది. జూన్ 15న సూడాన్ తీరానికి దగ్గర్లో బర్రా మూసా కెబీర్ దిబ్బ మీదికి ఎక్కేసింది. దాన్ని ఏ శత్రువూ కొట్టలేదు.

వారం తర్వాత గులియెల్మొత్తి అనే మరో సబ్‌మెరైన్ వచ్చి వాళ్ళను తీసుకెళ్ళింది. ఈలోగా ఒక కుర్రాడు ఆ దిబ్బ మీదే పోయాడు. అతని అస్థికలు ఇటలీ చేరేసరికి 2018 అయింది. ఇదంతా వదిలేసి అక్కడ లేని బ్రిటిష్ యుద్ధనౌకను నువ్వు పట్టుకొచ్చావు, ఎందుకయ్యా?

తిరగరాసేటప్పుడు ముందు ఒకడు ఊరికే నవ్వాలి. పక్కవాడు విసుక్కోవాలి. ఇంకొకడు తెలిసిన లెక్కే మూడుసార్లు తప్పు చెయ్యాలి. గాలిలో ఏదో ఉందని పాఠకుడికి కూడా ఆలస్యంగానే తెలియాలి.

ఇంకో సంగతి. నీ కథలో పదకొండు మంది ఒకే గదిలో నిలబడి వాదించుకుంటారు. ఎక్కడ నిలబడ్డారు? మకల్లే పొడవు 60 మీటర్లు. ఇంజన్లు, బ్యాటరీలు, టార్పెడోలు పోగా మిగిలిన చోటులో నలభైమందికి పైగా ఉండాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి చూడు. అది సోవియట్ యూనియన్‌లో కట్టింది, దీనికంటే చాలా పెద్దది. అందులోనే ఎదురుగా మనిషొస్తే ఒత్తిగిలి నిలబడాలి. అదే 1940 అక్టోబరులో కప్పెల్లినీ అనే ఇటాలియన్ సబ్‌మెరైన్ కెప్టెన్ తొదారో బెల్జియం ఓడ కబాలోను ముంచి, ఆ ఓడవాళ్ళనే 26 మందిని తన సబ్‌మెరైన్‌లోకి ఎక్కించుకున్నాడు. లోపల చోటు లేక టవర్‌లో కుక్కాడు. వాళ్ళు అక్కడ ఉన్నంతసేపూ సబ్‌మెరైన్ మునగడానికి లేదు. అజోర్స్ దీవుల్లో వాళ్ళను దింపేదాకా అందరికీ కనిపించేలా నీటి మీదే పోవాల్సి వచ్చింది. చోటెంతో తెలిస్తే టెన్షన్ దానంతటదే వస్తుంది.

ఇక ఆ లైఫ్ జాకెట్ల సీను తీసెయ్. నీళ్ళ అడుగు నుంచి బయటపడటానికి వాళ్ళకు వేరే సరంజామా ఉండేది. 1928లో అప్పటి ఇటలీ రేవు పోలా దగ్గర ఎఫ్14 అనే ఇటాలియన్ సబ్‌మెరైన్‌ను సొంత నౌకాదళపు డిస్ట్రాయర్ యుద్ధనౌకే ఢీకొంది. లోపల కొందరు ఇంకా బతికే ఉన్నారని పైవాళ్ళకు తెలుసు. సబ్‌మెరైన్‌ను పైకి లాగేసరికి 27 మందీ పోయారు. ఆ తర్వాత 1930లలో కొన్ని సబ్‌మెరైన్లకు ఒక్క మనిషి పట్టే స్టీలు డబ్బా అమర్చారు. మనిషిని కూర్చోబెట్టి వదిలితే పైకి తేలుతుంది. అతను దిగాక లోపలివాళ్ళు తీగ చుట్టి డబ్బాను వెనక్కి లాక్కోవాలి. నీ కథానాయకుణ్ణి ఆ తీగ చుట్టే చోట కూర్చోబెట్టు. ఎవరు ముందు ఎక్కాలన్నది అతని కళ్ళముందే తేలుతుంది.

మునిగిన సబ్‌మెరైన్ నుంచి నీటి పైకి వదిలే, టెలిఫోన్ ఉన్న తేలుబుడ్డీ కూడా ఉండేది. 1942 జనవరి 30న పోలా దగ్గరే మెదూసా అనే ఇటాలియన్ సబ్‌మెరైన్‌ను బ్రిటిష్ సబ్‌మెరైన్ థార్న్ ముంచింది. వెనక భాగంలో కొందరు చిక్కుకుపోయారు. ఆ ఫోన్‌లో పైవాళ్ళతో మాట్లాడారు. వాతావరణం చెడిపోయి వాళ్ళను తీయలేకపోయారు.

నీ కథలో ఆ ఫోన్ పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు. అందులో దేశభక్తి ఉపన్యాసం మాత్రం చెప్పించకు. పైన గాలి తగ్గిందా అని అడగనీ, టైమెంత అని అడగనీ. పైన ఫోన్ పట్టుకున్నవాడు ఏం జవాబు చెప్తాడో నాకూ తెలియదు. అది రాశాక పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు