ఫ్రీజర్ నిండా రీళ్లు కొనేముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

అమెరికాలో ఫ్యూజీ వాళ్ల స్లైడ్ ఫిల్మ్ (నెగెటివ్ లేకుండా నేరుగా అసలు రంగుల్లో బొమ్మ వచ్చేది) వెల్వియా 100 ఆగిపోయింది కదా, ఆన్‌లైన్‌లో ఎవరో పాత స్టాకు అమ్ముతున్నారు, నలభై రీళ్లు కొనేయనా అని అడిగావు. ఆ డబ్బు కట్టేముందు ఒక్క సంగతి తేల్చుకో. ఫిల్మ్ ఆగిపోవడం వేరు, దాన్ని కడిగి బొమ్మ తెప్పించే మందు ఆగిపోవడం వేరు. ఫిల్మ్ ఒక్కటే ఆగితే ఫ్రీజర్ పెట్టుకుని కొన్నేళ్లు లాగొచ్చు. మందు కూడా ఆగితే ఫ్రీజర్‌లో ఎన్ని రీళ్లున్నా దండగే.

కొడాక్ వాళ్ల స్లైడ్ ఫిల్మ్ కొడాక్రోమ్‌కి జరిగింది ఇదే. 1935లో వచ్చిన ఫిల్మ్‌ని 2009 జూన్ 22న ఆపేస్తున్నామని కొడాక్ చెప్పింది. చివరికి కాన్సస్‌లో పార్సన్స్ అనే ఊళ్లోని డ్వేన్స్ ఫోటో ఒక్కటే దాన్ని కడిగే ల్యాబుగా మిగిలింది. 2010 డిసెంబర్ 30 తర్వాత వాళ్లు కూడా రీళ్లు తీసుకోలేదు. ఎవరో ఒకరు ఇంట్లో కడుక్కోలేరా అంటావేమో. మామూలు స్లైడ్ ఫిల్మ్‌లో రంగు పుట్టించే కప్లర్లు ఎమల్షన్‌లోనే, అంటే ఫిల్మ్ మీద వెలుగు పట్టే పూతలోనే ఉంటాయి. కొడాక్రోమ్‌లో ఉండవు. అది పొరలు పొరలుగా ఉన్న బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్, అంతే. రంగంతా డెవలపర్లలోంచి రావాలి. వెనక నుంచి ఎర్ర లైటు కొట్టి సయాన్ డెవలపర్‌లో, ముందు నుంచి నీలం లైటు కొట్టి పసుపు డెవలపర్‌లో, ఆఖరికి మజెంటాలో ముంచాలి. కే-14 అనే ఆ పద్ధతికి పెద్ద మెషీన్, దాని పక్కన ఒక కెమిస్టు ఉండాలి. బాత్రూంలో టబ్బు పెట్టుకుని అయ్యే పని కాదు.

వెల్వియా అలా కాదు. ఈ-6 మందులో కడిగేది. ప్రోవియా, ఎక్టాక్రోమ్, వెల్వియా 50, ఈ స్లైడ్ ఫిల్మ్‌లన్నిటికీ అదే మందు. ఎక్టాక్రోమ్‌ని 2012లో కొడాక్ ఆపేసి, మళ్లీ 2018లో ఇ100 పేరుతో తెచ్చింది. మధ్యలో ఆ ఆరేళ్లూ జనం ఫ్రీజర్లలో దాచుకున్న ఎక్టాక్రోమ్ మామూలుగానే కడిగించుకున్నారు, ఫ్యూజీ ఫిల్మ్‌ల పుణ్యమా అని మందు బతికే ఉంది కాబట్టి. వెల్వియా 100 ఆగింది కూడా గిరాకీ లేక కాదు. పీఐపీ 3:1 అనే రసాయనం మీద 2021లో అక్కడి పర్యావరణ సంస్థ ఆంక్షలు పెట్టింది. మా ఫిల్మ్‌లో అది 0.0003 శాతం కంటే తక్కువేనని ఫ్యూజీ చెబుతూనే ఆ జూలైలో అమెరికాలో అమ్మకం ఆపేసింది. కాబట్టి నువ్వు కొనే రీలుకి మందు దొరుకుతుంది. మిగిలిన ప్రశ్న ఎన్ని కొనాలన్నదే.

ఏడాదికి నువ్వు నిజంగా ఎన్ని స్లైడ్ రీళ్లు తీస్తున్నావో లెక్క వేసుకో. తీయాలనుకునేవి కాదు, తీసినవి. దానికి మూడింతలు దాటి కొనకు. అన్నీ ఒకే ఎమల్షన్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైనవి చూసుకో. అది డబ్బా మీద గడువు తేదీ దగ్గరే అచ్చు వేసి ఉంటుంది. నంబర్లు కలగాపులగంగా ఉంటే ఒక్కో రీలు ఒక్కో రంగు తిరగొచ్చు, అప్పుడు ఒకదాని మీద చేసిన పరీక్ష రెండోదానికి పనికిరాదు. ముందు ఒక్క రీలు తెప్పించి, ఒకే దృశ్యాన్ని సరిగ్గా ఒకటి, అర స్టాపు ఎక్కువ ఒకటి, అర స్టాపు తక్కువ ఒకటి తీసి కడిగించు (ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం). లైట్ బాక్సు మీద పెట్టి ఫ్రేము చుట్టూ ఉన్న నల్లటి అంచు చూడు. అది నిగనిగలాడే నలుపైతే మిగతావి కొను. గోధుమరంగుకో ఎరుపుకో తిరిగి ఉంటే అమ్మేవాడు ఎన్ని ఒట్లు పెట్టినా వదిలెయ్.

గడువు దాటిన ఫిల్మ్‌కి పదేళ్లకో స్టాపు ఎక్కువ ఇవ్వమనే మాట వినే ఉంటావు. అది నెగెటివ్‌ల సంగతి, స్లైడ్‌కి పనిచేయదు. పాత స్లైడ్ ఫిల్మ్‌లో ముందు పోయేది నలుపు. దాని మీద ఇంకో స్టాపు వెలుగు పోస్తే తెలుపు కూడా పోతుంది, చేతిలో పల్చటి గాజుపలకలాంటిది మిగులుతుంది.

దాచే పద్ధతి చెబుతాను. ప్లాస్టిక్ డబ్బా మూత తీయకు. నాలుగైదు రీళ్లు కలిపి జిప్‌లాక్ కవర్లో వేసి, గాలి నొక్కేసి, పైన తేదీ, ఎమల్షన్ నంబరు మార్కర్‌తో రాసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర పెట్టు. మంచు తనంతట తనే కరిగించుకునే ఫ్రీజర్లలో వేడి కాస్త పైకీ కిందకీ ఆడుతుంది, అందుకే కవర్లు తలుపు దగ్గర కాకుండా లోపలి మూలకి తోయి. బయటికి తీశాక ఫిల్మ్ పూర్తిగా గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకుండా బల్ల మీద వదిలెయ్. ఇక్కడికి వచ్చినప్పుడు, మన కోస్తా ఉక్కపోతలో, ఇంకాస్త ఎక్కువసేపు ఆగు. తొందరపడి విప్పితే చల్లటి ఫిల్మ్ మీద చెమ్మ దిగి ఎమల్షన్ మీద మరకలు పడతాయి. ఎయిర్‌పోర్టులో చేత్తో చూడమని అడుగు. కొత్త సీటీ స్కానర్లు ఒక్కసారికే ఫిల్మ్ పాడు చేయగలవు. చెక్-ఇన్ సామానులో అసలు పెట్టకు.

వెల్వియా 100 దొరక్కపోతే 50కి మారొచ్చు, కానీ సాయంత్రం వేళ తీసేవాడివి కాబట్టి ఒక చిక్కుంది. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఫిల్మ్ మందగిస్తుంది, దానికి తగ్గట్టు సమయం కలపాలి. వెల్వియా 100 ఒక నిమిషం దాకా ఆ సవరణ అడగదు. వెల్వియా 50 అయితే నాలుగు సెకన్ల దగ్గరే అడగడం మొదలుపెడుతుంది. మీటరు 100 మీద 8 సెకన్లు చూపించిందనుకో. 50 వేగం అందులో సగమే కాబట్టి దాని మీద అది 16 సెకన్లు. అక్కడ మళ్లీ మూడింట రెండొంతుల స్టాపు కలపాలి, అంటే దాదాపు 25 సెకన్లు. రంగు ఆకుపచ్చకి తిరక్కుండా 10 నంబరు మజెంటా ఫిల్టరు కూడా పెట్టాలి. నీళ్ల దగ్గర, చీకట్లో ఈ లెక్కలు వేయడం ఇబ్బంది అనిపిస్తే ప్రోవియా 100ఎఫ్ పట్టు. దానికి రెండు నిమిషాల దాకా ఏమీ కలపక్కర్లేదు. నన్నడిగితే ఆ పనికి ప్రోవియాయే మేలు.

చెల్లాయి పెళ్లికి కూడా వెల్వియా తెస్తానన్నావు. తేకు. ఆ ఫిల్మ్ ఎరుపుని ఇంకా ఎర్రగా చూపిస్తుంది. చామనఛాయ మొహాలు ఇటుకరంగుకి పోతాయి, దాని మీద పసుపు రాసి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ప్రోవియా గానీ ఇ100 గానీ తే. తెల్లటి మధుపర్కాలు కట్టుకుని పీటల మీద కూర్చున్నప్పుడు చిన్న చోటు వెలుగునే కొలిచే స్పాట్ మీటరు ఆ బట్ట మీదే, వెలుగు నేరుగా పడే మడత మీద పెట్టి, వచ్చిన రీడింగుకి ఒకటిన్నర స్టాపు తెరువు. బట్ట నేత, ఎర్రంచు కనిపిస్తాయి, నీడలు ఎటు పోయినా పోనీ. మీటరు చెప్పినట్టే తీస్తే మధుపర్కాలు బూడిదరంగులో వస్తాయి. మొహం చూసి తీస్తే బట్ట తెల్లటి మచ్చై కూర్చుంటుంది, స్లైడ్‌లో ఒకసారి పోయిన తెలుపుని స్కానర్ కూడా వెనక్కి తేలేదు.

కడిగించే ల్యాబుని రెండే ప్రశ్నలు అడుగు: ఈ-6 వారానికి ఎన్నిసార్లు నడుపుతారు, మందు సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష ముక్క, కంట్రోల్ స్ట్రిప్, వేస్తారా. నెలకోసారి మందు కదిపే చోట ఇవ్వకు. ఇంట్లో కడుగుతానంటే మూడు మందుల కిట్టు చాలు, కానీ అన్నిటికీ మూలం మొదట పోసే మందు, ఫస్ట్ డెవలపర్. 38 డిగ్రీల దగ్గర పావు డిగ్రీ కంటే ఎక్కువ కదలనివ్వకు. నీళ్లని ఒకే వేడి దగ్గర ఉంచే సూ-వీడ్ హీటరు వేసిన తొట్టిలో సీసాలూ ట్యాంకూ రెండూ మెడదాకా మునిగేలా పెట్టు. మందు ఒక్కటే వేడిచేసి చల్లటి ట్యాంకులో పోస్తే అక్కడే డిగ్రీ దిగిపోతుంది, స్లైడ్లు చీకటిగా వస్తాయి. సమయం ఎక్కువైతే పల్చబడతాయి. ఫిల్మ్‌లోని వెండిని తీసేసే చివరి మందు బ్లిక్స్. దాని సీసా మూత ఫస్ట్ డెవలపర్‌కి పెట్టావంటే ఆ చుక్క చాలు, మందంతా పారబోసుకోవాలి.

ఇక, నీకు సెకండ్‌హ్యాండ్ కెమెరాలో దొరికిందన్న ఆ కొడాక్రోమ్ రీలు సంగతి. దాన్ని ఈ-6లో వేయమని ఎవరికీ ఇవ్వకు. కప్లర్లు లేవు కాబట్టి బ్లీచ్ వెండినంతా తినేసి ఖాళీ ఫిల్మ్ చేతికొస్తుంది. దాని వెనక ఉన్న నల్లటి రెమ్‌జెట్ పూత ఊడి మందులో కలిసి పక్కవాళ్ల రీళ్ల మీద కూడా అతుక్కుంటుంది. బ్లాక్ అండ్ వైట్‌గా మాత్రం బొమ్మ రావచ్చు. పాత రీళ్లు కడిగే అలవాటున్న ల్యాబు చూసి, కొడాక్రోమ్ అని కవరు మీద పెద్దక్షరాలతో రాసి పంపు.

అమ్మ పెట్టెలోని పాత స్లైడ్లలో కూడా కొడాక్రోమ్‌లు ఉన్నాయన్నావు. స్లైడు చుట్టూ ఉండే చట్రం, మౌంటు, దాని మీద పేరు ఉంటుంది. లేకపోతే ఎమల్షన్ వైపు ఏటవాలుగా లైటు పడనిచ్చి చూడు, బొమ్మ చెక్కినట్టు కాస్త ఎత్తుపల్లాలుగా కనిపిస్తుంది. చీకట్లో ఉంచితే ఆ రంగులు ఏళ్ల తరబడి చెక్కుచెదరవు, కానీ ప్రొజెక్టర్ లైటుకి త్వరగా వెలిసిపోతాయి. ఇంటిల్లిపాదికీ చూపించాలంటే స్కాన్ చేసి టీవీలో చూపించు. స్కాన్ చేసేటప్పుడు ఇన్‌ఫ్రారెడ్ దుమ్ము తొలగింపు ఆపేయి, లేకపోతే గీతలనుకుని మొహాల అంచులు కూడా చెరిపేస్తుంది. బొమ్మ నీలంగా వస్తే కొడాక్రోమ్ ప్రొఫైల్ ఎంచుకో. బూజు పట్టినవాటిని నీళ్లతో తుడవకు, బూజు తిన్న జెలటిన్ నీటిలో కరిగిపోతుంది. నీళ్లు కలవని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి గుడ్డతో, ఒకే వైపుకి మెల్లగా తుడువు. పీవీసీ కవర్లలో ఉంటే తీసి పాలీప్రొపిలీన్ వాటిలోకి మార్చు. వేలితో రుద్దితే జిగటగా తగిలేవి పీవీసీవే.

కెమెరాలో దొరికిన ఆ రీలు మీద ఫిల్మ్ వేగం 64 అని ఉందో 25 అని ఉందో చూసి, గడువు తేదీతో సహా రాసి పంపు.

మామయ్య