ఇంగ్లిష్ కోర్సు కోసం ఇంటి ఎఫ్‌డీ తీయకండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బట్టల అంగడి ఉంది. అంగడి ఖర్చులు పోను నెలకు సగటున 70 వేలు చేతికొస్తుంది. ఇంటి ఖర్చు 40 వేలు. నాకు 51 ఏళ్లు, షుగర్ ఉంది. అబ్బాయి ఇక్కడే బీకాం చేశాడు. అమెరికాలో ఎంబీఏ చదువుతానంటున్నాడు. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 5.5 వచ్చింది. ఒక యూనివర్సిటీ కండిషనల్ ఆఫర్ ఇచ్చింది. ముందు అక్కడే 8 నెలలు ఇంగ్లిష్ కోర్సు, అది పాసైతే రెండేళ్ల ఎంబీఏ. ఇంగ్లిష్ కోర్సు ఫీజు, అక్కడ ఉండే ఖర్చు కలిపి 14 లక్షలు, ఎంబీఏకు 36 లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు 30 లక్షలు ఇస్తామంది కానీ, ఎంబీఏ సీటు ఖాయమయ్యాకేనట. మిగతా 6 లక్షలకు బంగారం కుదువ పెడతాం. ఇంగ్లిష్ కోర్సు కోసం మాకున్న 6 లక్షల ఎఫ్‌డీ తీసేసి, ఇంకో 8 లక్షలు తెలిసినాయన దగ్గర 2 రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నా. పార్ట్‌టైం చేసి వడ్డీ తానే కడతానని అబ్బాయి అంటున్నాడు. అప్పు తేవడం మేలా, బంగారం అమ్మడం మేలా? కూతురు ఇంటర్ చదువుతోంది. నా పేరు మీద 3 లక్షల ఎల్‌ఐసీ పాలసీ ఒకటే ఉంది.

జవాబు: అన్నా, రెండూ వద్దు. అప్పూ వద్దు, బంగారం అమ్మడమూ వద్దు. అన్నిటికంటే ముందు ఆ ఎఫ్‌డీ మీద చేయి వేయొద్దు.

మీ ఉత్తరాన్నే ఎంచుకుని జవాబు రాయడానికి కారణం ఉంది. కడపలోనైనా అనంతపురంలోనైనా పిల్లల్ని బయటి దేశాలకు పంపే ఇళ్లలో ఇదే పొరపాటు చూస్తున్నాను. చదువుకు ఎంత కావాలో పైసాతో సహా లెక్క వేస్తారు. ఇల్లు నడవడానికి ఎంత పక్కన ఉండాలో మాత్రం ఆ కాగితం మీద రాయరు. ఉన్నదంతా ఫీజులోకి పోతుంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినా వడ్డీకి పరుగెత్తాల్సిందే.

మీ ఎఫ్‌డీ సంగతే చూద్దాం. ఇంటి ఖర్చు నెలకు 40 వేలంటే తొమ్మిది నెలలకు 3 లక్షల 60 వేలు. అంగడి బాడుగ, పనివాళ్ల జీతాలు ఎంతో మీరు రాయలేదు. నెలకు 40 వేలనుకున్నా ఆరు నెలలకు 2 లక్షల 40 వేలు. రెండూ కలిపితే సరిగ్గా 6 లక్షలు. అంటే మీ దగ్గర మిగులు డబ్బు లేదు. ఉన్నది అత్యవసర నిధి ఒక్కటే. జీతగాడికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీలాంటి వ్యాపారికి తొమ్మిది నెలలది ఉండాలి. ఆషాఢంలో, మూఢంలో పెళ్లి బట్టల బేరాలు ఎలా పడిపోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. దసరాకు, సంక్రాంతికి సరుకు నింపాలంటే ముందే డబ్బు పెట్టాలి. సగటు 70 వేలంటే కొన్ని నెలలు లక్ష, కొన్ని నెలలు 30 వేలు అన్నమాట. 30 వేలొచ్చిన నెలలో ఇంటిని నిలబెట్టేది ఈ 6 లక్షలే.

ఇప్పుడు ఆ 14 లక్షలు దేనికి పోతున్నాయో చూడండి. మొత్తం చదువులో అన్నిటికంటే భరోసా తక్కువైన భాగం ఈ 8 నెలలే. కండిషనల్ ఆఫర్ అంటే సీటు కాదు. ఇంగ్లిష్ కోర్సులో వాళ్లు పెట్టిన స్థాయి దాటితేనే ఎంబీఏలోకి తీసుకుంటారు. అమెరికాలో మామూలుగా మొదట ఇచ్చే ఐ-20 (వీసాకు కావాల్సిన యూనివర్సిటీ పత్రం) ఇంగ్లిష్ కోర్సుకే. ఆ షరతు తీరాక ఎంబీఏకు వేరే ఐ-20 వస్తుంది. ఒక టర్ములో స్థాయి దాటకపోతే ఇంకో టర్ము ఫీజు, ఇంకో నాలుగు నెలల బాడుగ, తిండి. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? ఎఫ్‌డీ అప్పటికే ఖాళీ. బ్యాంకు ఇంకా ఒక్క రూపాయి ఇవ్వలేదు, సీటు ఖాయం కాలేదు కాబట్టి. మళ్లీ ఆ తెలిసినాయన దగ్గరికే వెళ్తారు. కోర్సు ఎన్నాళ్లు సాగుతుందో తెలియనప్పుడు ఇంట్లో నిల్వ ఇంకా ఎక్కువ ఉండాలి. మీరు ఉన్న నిల్వతోనే కోర్సు మొదలుపెడుతున్నారు. ఈ ప్లాన్‌లో నన్ను భయపెట్టింది ఇదే.

పార్ట్‌టైం సంపాదనతో వడ్డీ కడతాడన్న మాట నమ్మొద్దు. అబ్బాయి మంచివాడే అయ్యుంటాడు, కానీ రూల్స్ ఒప్పుకోవు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద కాలేజీ నడుస్తున్న రోజుల్లో క్యాంపస్ లోపల మాత్రమే, వారానికి 20 గంటలు మించకుండా పని చేయాలి. మొదటి విద్యా సంవత్సరంలో బయట పని చేయడానికి వీల్లేదు. ఇంగ్లిష్ శిక్షణ కోర్సులో ఉన్నవాళ్లకు సీపీటీ (చదువులో భాగంగా బయట పని చేసే అనుమతి), ఓపీటీ (చదివిన రంగంలో, ఎక్కువగా చదువయ్యాక, పని చేసే అనుమతి) అసలు వర్తించవు. దొంగచాటుగా బయట పనికి వెళ్లి దొరికితే వీసా స్టేటస్ పోతుంది, 14 లక్షలూ పోతాయి. కెనడా అయితే మేలని ఎవరైనా చెబుతారేమో, అక్కడా భాషా కోర్సులో గడిపిన కాలం చదువయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్ లెక్కలోకి రాదు.

ఇక 2 రూపాయల వడ్డీ. చెప్పుకోవడానికి చిన్న మాట, ఏడాదికి 24 శాతం. 8 లక్షలకు నెలకు 16 వేలు. మీకు నెలకు మిగిలేదే 30 వేలు. వడ్డీ కట్టలేక ఏటా అసలులో కలుపుతూ పోతే మూడేళ్లకు ఆ 8 లక్షలు 15 లక్షల 25 వేలవుతుంది. ప్రోనోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంది కాబట్టి, అది దాటకముందే కొత్త మొత్తంతో నోటు తిరగరాయించుకుంటారు. మీ అబ్బాయికి ఎంబీఏ పట్టా వచ్చేసరికి దాదాపు మూడేళ్లు గడిచిపోతాయి. ఆ లోపల అంగడి పెట్టుబడి కూడా ఆ నోటుకే పోతుంది. డిగ్రీ కూడా కాని ఒక కోర్సు కోసం 24 శాతానికి అప్పు చేయడం తప్పు, అన్నా. తెలిసినాయన కదా, అర్థం చేసుకుంటాడులే అనుకోకండి. తెలిసినాయనైనా వడ్డీ వడ్డీయే. పైగా బ్యాంకు విద్యా రుణం వడ్డీకి ఉండే ఆదాయపు పన్ను మినహాయింపు ఈ వడ్డీకి రాదు. సొంత డబ్బు పంపినా, ఇలా అప్పు తెచ్చి పంపినా, ఏడాదిలో 10 లక్షలు దాటిన భాగంపై టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. బ్యాంకు విద్యా రుణంతో పంపితే అది లేదు.

బ్యాంకు రుణం చెడ్డది కాదు. దాని లెక్క కూడా ముందే తెలుసుకోండి. 10.5 శాతం వడ్డీ అనుకుంటే, 30 లక్షలూ విడుదలయ్యాక నెలకు వడ్డీయే 26 వేల పైచిలుకు. చదివే కాలంలో వడ్డీ కడుతూ వస్తే, పదేళ్ల కాలానికి నెల కిస్తీ 40 వేల 500. కట్టకుండా వదిలేసి బాకీ 37 లక్షలకు చేరితే కిస్తీ దాదాపు 50 వేలు. మామూలుగా కోర్సు అయిన ఏడాదికి కిస్తీలు మొదలవుతాయి. మామూలు ఎంబీఏకు ఓపీటీ కూడా 12 నెలలే. అంటే పని చేసే అనుమతి ముగిసే వేళకే కిస్తీ మొదలవుతుంది. బిజినెస్ అనలిటిక్స్ లాంటి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల) కోడ్ ఉన్న కోర్సులకు ఇంకో 24 నెలలు దొరుకుతుంది. కాబట్టి ఏ కోర్సు ఎంచుకున్నా దాని సీఐపీ కోడ్ (కోర్సు స్టెమ్ కిందికి వస్తుందో లేదో తేల్చే నంబరు) ఏమిటో యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడగమనండి. కన్సల్టెన్సీ నోటి మాట చాలదు. డాలర్ సంగతీ గుర్తుంచుకోండి. 2020లో 75 రూపాయల దగ్గర ఉన్నది 2025 డిసెంబర్‌లో 90 దాటింది. 36 లక్షలన్నది ఈరోజు లెక్క.

మరి ఇంగ్లిష్? అది ఇక్కడే నేర్చుకోవాలి. ఎంబీఏ క్లాసులో కేస్ స్టడీలు చదివి, నలుగురి ముందు మాట్లాడి, రిపోర్టులు రాయాలి కాబట్టి ఇంగ్లిష్ బాగుపడాలన్న మాట నిజం. కానీ ప్రొద్దుటూరులోనో బెంగళూరులోనో వేలల్లో అయ్యే పనికి అక్కడ 14 లక్షలు పోయనక్కర్లేదు. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల మార్కులు కూడి నాలుగుతో భాగించి, దగ్గర్లోని అర మార్కుకు సర్దుతారు, పావు వస్తే పైకి. ఎంబీఏకు మామూలుగా అడిగే 6.5 రావాలంటే నాలుగూ కలిపి 25 కావాలి. మీవాడికి 5.5 వచ్చిందంటే మొత్తం 21కు, 22.5కు మధ్య ఉంటుంది. తక్కువపడేది మూడు మార్కులు, అటూ ఇటుగా. మన దగ్గర ఎక్కువమంది పిల్లలకు తగ్గేది రాయడంలో, మాట్లాడటంలో. రోజూ రాసి ఎవరితోనైనా దిద్దించుకుంటే ఆరేడు నెలల్లో అందుకోవడానికి అవకాశం ఉన్న దూరమే ఇది. మళ్లీ పరీక్షకు 20 వేల లోపే అవుతుంది. స్కోరు వచ్చాక నేరుగా ఎంబీఏకే అప్లై చేస్తే కండిషన్ ఉండదు. బ్యాంకు మొదటి రోజు నుంచే డబ్బు ఇస్తుంది. ఏడాది వృథా అని కన్సల్టెన్సీ వాళ్లు బెదిరిస్తారు. అక్కడ గడిపే 8 నెలలకూ పట్టా ఏమీ రాదు కదా. ఈ ఏడాది బెంగళూరులో ఏదైనా అకౌంట్స్ ఉద్యోగంలో చేరినా మంచిదే, ఎంబీఏ అప్లికేషన్‌లో పని అనుభవానికి విలువ ఉంటుంది. ఐసెట్ రాసి ఇక్కడే ఎంబీఏ చేయడం కూడా ఆలోచించదగ్గదే.

ఇప్పుడు మీ ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసిన విషయం దగ్గరికొస్తాను. 3 లక్షల పాలసీ. 30 లక్షల రుణానికి మీరు కో-అప్లికెంట్‌గా (అబ్బాయితో పాటు బాధ్యుడిగా) సంతకం పెట్టబోతున్నారు, ఇల్లు తాకట్టు. రేపు మీకేమైనా అయితే ఆ ఇంట్లో ఉండేది మీ భార్య, ఇంటర్ చదివే కూతురు. బాకీ కోసం బ్యాంకు వచ్చేది ఆ ఇద్దరి మీదికే. 3 లక్షలతో వాళ్లేం చేయగలరు? రుణం మీద సంతకానికి ముందే కనీసం 75 లక్షల టర్మ్ పాలసీ మీ పేరు మీద ఉండాలి. 30 లక్షలు బాకీకి, మిగతాది ఇంటికి, కూతురి చదువుకు. 51 ఏళ్లు, షుగర్ కాబట్టి ప్రీమియం ఎక్కువే ఉంటుంది, కొన్ని కంపెనీలు వద్దంటాయి. నాలుగు చోట్ల అడగండి. అంత కవర్ ఎవరూ ఇవ్వకపోతే దొరికినంత తీసుకోండి, రుణాన్ని కూడా ఆ మేరకు తగ్గించుకోండి. షుగర్ సంగతి మాత్రం దాచొద్దు. మూడేళ్ల లోపు క్లెయిమ్ వస్తే దాచిన విషయం తవ్వి తీసి తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంది. పాలసీ తీసుకునేటప్పుడే వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద రాయించండి. అలా రాయిస్తే ఆ డబ్బు మీ భార్యాపిల్లలకే చెందుతుంది, అప్పులవాళ్లు దాన్ని జప్తు చేయలేరు. వ్యాపారం చేసేవాళ్లకు ఇది చాలా అవసరం, అయినా ఎవరూ చెప్పరు.

అబ్బాయి మీద కూడా కవర్ కావాలి. ఈ మాట తల్లిదండ్రులతో అనడం నాకు కష్టంగానే ఉంటుంది. రుణగ్రహీత వాడే కాబట్టి చెప్పక తప్పదు. బ్యాంకు రుణంతో పాటు ఇచ్చే బీమా తీసుకుని, కవర్ రుణం మొత్తానికీ ఉందా, కిస్తీలు ముగిసేదాకా ఉంటుందా అని కాగితం మీద చూసుకోండి.

మీకు, మీ భార్యకు, కూతురికి కలిపి 10 లక్షల ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. షుగర్‌కు సంబంధించిన చికిత్సలకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు. అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను, అబ్బాయి చదువు ముగిసేసరికి అది కూడా తీరిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు, అదొక ఊరట. ప్రీమియాలు మీ నెల మిగులు 30 వేలలోంచే కట్టాలి, ఎఫ్‌డీ లోంచి కాదు.

అబ్బాయి వెళ్లే నాటికి ఆ 6 లక్షలు కాక ఇంకో 3 లక్షలు విడిగా ఉండాలి. అది వాడి తిరుగు టికెట్‌కు, అక్కడ రెండు నెలల ఖర్చుకు. ఈ ఏడాది వాడు ఇక్కడే ఉంటే ప్రీమియాలు పోను మిగిలేదాన్ని నెలనెలా ఆర్‌డీలో వేస్తే ఇందులో చాలావరకు చేరవచ్చు. బంగారం విషయానికొస్తే, ఎంబీఏ సీటు ఖాయమై బ్యాంకు మార్జిన్ (మన వాటాగా పెట్టాల్సిన సొమ్ము) అడిగినప్పుడు అవసరమైనంతే బ్యాంకులో కుదువ పెట్టండి. అదీ ఆఖరి దారిగానే, అమ్మకం వద్దు.

కన్సల్టెన్సీకి ఇప్పటికే అడ్వాన్స్ కట్టి ఉంటే, ఎంత తిరిగి వస్తుందో రాతపూర్వకంగా అడగండి. రాకపోయినా సరే, ఆ అడ్వాన్స్ పోతుందని 14 లక్షలు కట్టకండి. ఐఈఎల్‌టీఎస్ కొత్త స్కోరు వచ్చాక బ్యాంకు శాంక్షన్ లెటర్ కాపీతో మళ్లీ రాయండి. అప్పుడు ఎంత రుణం తీసుకోవాలో, ఎంత కాలానికి పెట్టుకోవాలో కలిసి చూద్దాం. అప్పటిదాకా ఆ ప్రోనోటు మీద సంతకం పెట్టకండి.