ఒప్పుకో బిడ్డా, కానీ ప్రశ్న దగ్గరే కూర్చో

హనుమకొండ

బిడ్డా,

కాకతీయ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసే అబ్బాయి పిల్లల లెక్కల మీద పరిశోధన కోసం నువ్వు పాఠాలు చెప్పే బడికి వస్తానన్నాడని, ఒప్పుకోవాలా వద్దా అని అడిగావు. ఒప్పుకో. కానీ అతనిచ్చిన ఫారం నింపి చేతులు దులుపుకోవద్దు. అసలు ఏం తెలుసుకోవాలో తేల్చుకునేటప్పుడే నువ్వు పక్కన ఉండాలి.

మీ మూడో తరగతిలో 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసేవాళ్లు ఉండే ఉంటారు. మనం ఎర్ర ఇంకుతో కొట్టేసి, అప్పు తెచ్చుకోవడం మళ్లీ మొదటినుంచి చెప్తాం. ఈసారి ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని "ఎట్ల చేసినవో చెప్పు" అని అడుగు. "ఏడులకెల్లి రెండు తీస్తే ఐదు, ఐదులకెల్లి రెండు తీస్తే మూడు. పెద్దదాంట్లకెల్లే చిన్నది తియ్యాలె కద మేడమ్" అంటుంది. ఒకటో తరగతిలో విన్న మాటనే నమ్మకంగా పాటించింది పాపం. అజాగ్రత్త కాదది. ఇలాంటి తప్పులు ఎందుకొస్తాయో పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా చూస్తూనే ఉన్నారు, ఆ చదువు అతని దగ్గర ఉంటుంది. ఆ పిల్లకు పుల్లల కట్టలు ఇస్తే ఏం చేస్తుందో, పదిమందిలో లేపి అడిగితే ఎందుకు నోరు విప్పదో నీకే తెలుసు. ఇవి రెండూ కలిస్తేనే రేపటి పాఠం మారుతుంది.

ఇట్ల జరిగిన చోటు ఉంది. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం 1972 నుంచి 2002 దాకా నడిచింది. శాస్త్రవేత్తలు పల్లె బడుల టీచర్లతో కలిసి ప్రయోగాలు చేశారు. నెలనెలా టీచర్లు కూడి ఏ పాఠం నడిచింది, ఏది నడవలేదని మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటలను బట్టే పాఠ్యపుస్తకాలు మారాయి. మనకు చుట్టుపక్కల బడుల టీచర్లంతా కూడే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నా, సగం పూట సర్క్యులర్లకూ ఆన్‌లైన్ ఎంట్రీలకే పోతుంది. నాకది చాలా బాధ. టీచర్లు ఏడాదికి 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్తోంది. అందులో కొన్ని గంటలు పిల్లల నోట్‌బుక్కులు ముందేసుకుని మాట్లాడుకోవడానికి ఇవ్వమని మీ కాంప్లెక్స్ హెచ్ఎంని అడుగు. జిల్లాలో టీచర్లకు శిక్షణనిచ్చే సంస్థ డైట్ నుంచి లెక్చరర్‌ని కూడా పిలవండి, టీచర్లతో కలిసి పరిశోధన చేయడం వాళ్ల బాధ్యతల్లో ఉన్నదే.

ఆ అబ్బాయితో ముందే తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. పత్తి ఏరే రోజుల్లో పరీక్ష పెట్టొద్దను. సగంమంది చేన్లలో ఉంటారు, వచ్చే అంకెలు బడిని చూపించవు. మేడారం జాతర వారమూ అంతే. పిల్లల పేర్లు ఎక్కడా రాయకూడదు, తల్లిదండ్రులకు తెలుగులో చెప్పి ఒప్పించాలి. తేలిందేమిటో ముందుగా మీ టీచర్లకే తెలుగులో వినిపించాలి. నువ్వూ సమానంగా పనిచేస్తే వ్యాసంలో అతని పేరు పక్కన నీ పేరు ఉండాలి, మొహమాటపడకుండా అడుగు. పాఠం చెప్పడం ఎవరైనా చేసే పనేలే అని మన ముందే అనేవాళ్లున్నారు. మనకు తెలిసింది మనం రాసిపెట్టనన్నాళ్లూ ఆ మాట వినాల్సే వస్తుంది.

ఆదివారం ఇద్దరూ కలిసి ఇంటికి రండి. రాసుకున్న ప్రశ్నలు, ఆ తీసివేతల నోట్‌బుక్కులు తెచ్చుకోండి. కూర్చుని చూద్దాం.

మీ పాత సార్