వయసు పెరిగాక టెక్స్ట్ అడ్వెంచర్ గేమ్స్ ఎందుకు ఇంత కష్టమవుతున్నాయి?

ఇరవై ఏళ్లప్పుడు పూర్తి చేసిన ఇలాంటి గేమ్ (తెర మీది రాత చదువుతూ, ఏం చేయాలో టైప్ చేస్తూ ఆడేది) ఇప్పుడు యాభై దాటాక సగం కూడా ముందుకు వెళ్లడం లేదు, బుర్ర మొద్దుబారిందా అని అడిగారు. మొద్దుబారలేదండీ. నాకు 54, పోయినేడాది జోర్క్ అనే పాత టెక్స్ట్ గేమ్ మొదటి భాగం (1980లో వచ్చింది) మళ్లీ మొదలుపెట్టి రెండు వారాలు ఇదే టెన్షన్ పడ్డాను.

జ్ఞాపకం సంగతి కొంత నిజమే. వయసు పెరిగేకొద్దీ నాలుగైదు కొత్త విషయాలు ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టమవుతుంది. ఈ గేమ్స్‌లో బొమ్మలుండవు, ఏ గదికి ఉత్తరాన ఏముంది, తాడు ఎక్కడ వదిలాం, లాంతరు ఇంకెంతసేపు వెలుగుతుంది, ఇదంతా మనమే మోయాలి. అన్ని గదులూ ఒకేలా కనిపించే చిక్కుదారి దగ్గరకి వచ్చేసరికి అసలు ఆట తెలుస్తుంది. గదికో వస్తువు గుర్తుగా పడేసి మ్యాప్ గీయడం పాత పద్ధతి, కానీ జోర్క్‌లో తిరిగే దొంగ ఆ వస్తువుల్ని కూడా ఎత్తుకుపోతాడు. అప్పట్లో అది తలలోనే లెక్క కట్టుకునేవాణ్ణి. ఇప్పుడు కాగితం లేకుండా మూడో మలుపుకే తప్పిపోతున్నాను. కాగితం తీసుకున్నాక మాత్రం ఒక్క సాయంత్రంలో చిక్కుదారి దాటాను, కాబట్టి అది పెద్ద సమస్య కాదు.

అసలు సమస్య వేరే ఉంది, అది నాకు జోర్క్‌లో దొరికే రత్నాల గుడ్డు దగ్గర అర్థమైంది. (ఆడుతున్నవాళ్లు ఈ పేరా వదిలేయండి.) ఆ గుడ్డు మన చేత్తో తెరిస్తే పాడైపోతుంది, దొంగ చేతికి పోతేనే అతను దాన్ని జాగ్రత్తగా తెరుస్తాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు నేను కనిపించినదల్లా కనిపించినవాడికల్లా ఇచ్చి చూసేవాణ్ణి, అలా దొరికింది. ఈసారి విలువైన వస్తువు దొంగకి ఎవరైనా ఇస్తారా అని ఆ ఆలోచనని మొదట్లోనే కొట్టేశాను, తొమ్మిది రోజులు అక్కడే ఆగిపోయాను. ఇన్నేళ్ల అనుభవం మనకి పనికిరాని పని చేయొద్దని నేర్పింది, అది బయట బాగా ఉపయోగపడుతుంది, కానీ ఈ ఆటల్లో జవాబు చాలాసార్లు ఆ పనికిరాని పనిలోనే ఉంటుంది.

దానికి తోడు తొందర. అప్పుడు ఒక పజిల్ బుర్రలో నాలుగు రోజులు నానేది, స్నానం చేస్తుంటే జవాబు తట్టేది. ఇప్పుడు ఇరవై నిమిషాలకే సొల్యూషన్ వెతకాలని చెయ్యి లాగుతుంది.

నేనైతే ఇప్పుడిలా ఆడుతున్నాను. మ్యాప్ గీస్తాను, ప్రతి కొత్త గదిలో సేవ్ చేస్తాను, పాత సేవ్ మీద మళ్లీ రాయను, ఎందుకంటే పాత గేమ్స్‌లో మనకి తెలియకుండానే ఇక గెలవలేని స్థితిలో పడిపోతాం. ఇరుక్కుంటే వేర్వేరు క్రియలు టైప్ చేస్తాను, వెర్రిగా అనిపించినవే ముందు. ఫస్ట్ టైమ్ కంటే నెమ్మదిగానే వెళ్తున్నాను, మొన్న 350కి 290 పాయింట్లు వచ్చాయి, మిగిలినవి ఇంకా వెతుకుతున్నాను.