నాన్న పోయాక అమ్మ ముభావంగా ఉంటోంది, వయసు వల్లేనా?

గుడికి వెళ్లడం మానేసింది, ఎప్పుడూ ఒళ్లు నొప్పులంటోంది అని రాశారు. వయసొక్కటే కాకపోవచ్చు. మన పెద్దవాళ్లు దిగులుగా ఉందని నోరు విప్పి చెప్పరు. "నడుం లాగేస్తోంది, అన్నం సయించట్లేదు" అంటారు. ఈ వయసులో డిప్రెషన్ చాలాసార్లు ఒంటి బాధలాగే బయటపడుతుంది, ఒక్కోసారి మతిమరుపులానూ కనిపిస్తుంది. థైరాయిడ్, బి12 లోపం ఉన్నా ఇలాగే ఉండొచ్చు, ముందు ఆ రక్తపరీక్షలు చేయించండి. చెవులూ చూపించండి. సరిగ్గా వినపడక, మళ్లీ మళ్లీ అడగడం నామోషీ అనిపించి మాటలు తగ్గించేసేవాళ్లు ఎందరో. రెండు వారాలకు మించి ఇలాగే ఉంటే సైకియాట్రిస్టుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకోటి, రోజూ వీడియో కాల్‌లో "తిన్నావా, మాత్రలేసుకున్నావా" అని అటెండెన్స్ తీసుకోకండి. ఆవకాయలో ఉప్పెంత వేయాలో అడిగి చూడండి.